తొమ్మిదో నంబరు

మా బడికి రెండు గదులు. ఒకదాంట్లో పాఠాలు జరుగుతాయి. రెండోది పైకప్పు దాకా లేచి అక్కడే ఆగిపోయింది, దాంట్లో వంట జరుగుతుంది. అయిదు తరగతులు, ఒక నల్లబల్ల, ఒక టీచరు. ఆ టీచరును నేనే. ఒకటో తరగతితో అక్షరాలు దిద్దిస్తూ, అయిదో తరగతికి భాగహారం చెబుతూ, మధ్యలో మూడో తరగతిలో ఎవరి జుట్టు ఎవరు పీకారో తీర్పులు చెబుతూ పదకొండేళ్లు నెట్టుకొచ్చాను. బదిలీ కోసం పెట్టుకున్న అర్జీలు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో తెలియదు. మొదట్లో నెలకోసారి వెళ్లి అడిగేదాన్ని. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి మానేశాను.

హాజరు నంబర్లతో పిలుస్తాను. ఒకే పేరున్న పిల్లలు ముగ్గురు తగలడంతో మొదలైన అలవాటు అది. ఇప్పుడు పిల్లలు బయట కూడా నంబర్లతోనే పిలుచుకుంటారు. పన్నెండును ఏడు కొరికాడని నా దగ్గరికి పంచాయితీ వస్తుంది. నంబరు పిలవగానే లేచి "వచ్చానండీ" అనాలి. రాని పిల్లకు బదులు అన్నో చెల్లెలో లేచి సంగతి చెప్పాలి. "రాలేదండీ, కాలికి ముల్లు గుచ్చుకుందండీ." "రాలేదండీ, మేక ఈనిందండీ." ఇంట్లో వాళ్లెవరూ బడిలో లేకపోతే పక్కింటి పిల్ల చెబుతుంది. ఎవరో ఒకరు చెప్పి తీరాలి. ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరిగిందో పొద్దున్నే నాకు తెలిసిపోయేది అలాగే.

తొమ్మిదో నంబరు మా వంటక్క పెద్ద కూతురు. బడిలో పిల్లలకు వండిపెట్టేది కాబట్టి ఆమెను ఊరంతా వంటక్క అనే అంటారు. భర్త ఇటుక బట్టీల వెంట ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు, ఏడాదికి రెండుసార్లు కనిపిస్తాడు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి పదేళ్లు, నాలుగో తరగతి. అంత బాగా చదివే పిల్లను నా పదకొండేళ్లలో నేను చూడలేదు. ఏది దొరికితే అది చదివేది. పొట్లం కాగితాలు, మందు డబ్బాలు, సిమెంటు బస్తాలు. బియ్యం బస్తా మీద "కొక్కెం వాడరాదు" అని ఉంటే, ఎందుకు వాడకూడదో చెప్పమని రెండు రోజులు నా ప్రాణం తీసింది. నేను పెద్ద తరగతులతో తల పట్టుకున్నప్పుడు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి చదివించింది అదే. దాని చెల్లెలికి అక్షరాలు నేర్పిందీ అదే. జీతం మాత్రం నేను తీసుకున్నాను.

వానాకాలంలో ఒక శుక్రవారం దానికి జ్వరం వచ్చింది. మా ఊరికి నర్సమ్మ వచ్చేది గురువారం. వాగు పొంగితే ఆ గురువారం కూడా రాదు. ఆ వారం వాగు పొంగింది. వంటక్క తడిగుడ్డలు వేస్తూ, దగ్గరున్న మాత్రలు మింగిస్తూ అయిదు రోజులు చూసింది. బుధవారం పొద్దున మా ఊరి తాపీ మేస్త్రీ, మరో ముగ్గురు కలిసి పిల్లను మంచంతో సహా ఎత్తుకుని వాగు దాకా మోసుకెళ్లారు. మంచం ఒడ్డున దింపి, నీళ్లు తగ్గేదాకా కూర్చున్నారు. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గాయి. అప్పటికి దాటించాల్సిన పని లేకపోయింది.

తర్వాత బడి తెరిచిన రోజు నోటి అలవాటు కొద్దీ "తొమ్మిది" అనేశాను. నా నాలుక తెగ. దాని చెల్లెలు, రెండో తరగతి, పదమూడో నంబరు, లేచి నిలబడింది. బదులు చెప్పాల్సింది తనే కదా. "రాలేదండీ" అంది. ఎందుకు రాలేదో కూడా చెప్పాలని దానికి తెలుసు. నోరు తెరిచి కాసేపు నిలబడి, ఏమీ దొరక్క కూర్చుంది. పక్కగదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను పదో నంబరు పిలిచాను.

ఆ రోజు నుంచి ఎనిమిది తర్వాత పదే పిలుస్తున్నాను. పుస్తకంలో మాత్రం తొమ్మిదికి ఎదురుగా వచ్చినట్టు గీత పెడుతూనే ఉన్నాను. పేరు కొట్టేయాలంటే పట్నం నుంచి చావు కాగితం తేవాలి, అది తెమ్మని వంటక్కను అడిగే ధైర్యం నాకు లేదు. అడిగినా ఆమె తెచ్చేది కాదు. ఇది ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆ పేరుతో కలిపితే మా పిల్లలు పదిహేను మంది.

పదిహేను గొడవేమిటంటే, ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పదిహేను మందికి తక్కువున్న బళ్లను మూసేసి, పిల్లల్ని దగ్గర్లోని పెద్ద బడిలో కలుపుతారట. "దగ్గర్లోని" అని రాసిన మనిషి మా దారిన ఒక్కసారి కూడా నడిచి ఉండడు. పెద్ద బడి ఆరు కిలోమీటర్లు. మధ్యలో అదే వాగు. వచ్చే సోమవారం తనిఖీ సారు స్వయంగా వచ్చి పిల్లల తలలు లెక్కపెడతారని ఆ కాగితం చివర ఉంది.

బడి మూతపడితే నన్ను పట్నానికి పంపిస్తారు. పదకొండేళ్లుగా నేను దేబిరించింది అదే. కాళ్లు నొప్పి పుట్టకుండా, రోడ్డు మీద బస్సు దిగి బడిలోకి నడిచే రోజు. కాగితం చేతిలో పెట్టుకుని సంతోషిద్దామని కూడా చూశాను. సంతోషం రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మా బడి పెద్దల కమిటీకి పెద్ద మేస్త్రీ. గోడలు కడతాడు కాబట్టి బడి సగం గది తన పరువుకు తక్కువని బాధపడుతూ ఉంటాడు. కాగితం సంగతి చెప్పగానే గడ్డం గోక్కున్నాడు.

"పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్క తల కావాలి. అంతేగా టీచరమ్మా?"

"అంతే. బజార్లో అమ్ముతారా తలలు?"

"మా చెల్లెలి కూతురుంది కదా, గుట్ట అవతల. పదకొండేళ్లు. ఒక్క పూట తీసుకొస్తా. ఆ పిల్ల పేరుకి కూర్చుంటుంది, లెక్క అయిపోగానే మళ్లీ దింపేసి వస్తా."

"ఎవరి పేరుకి?"

నన్ను చూడకుండా అన్నాడు. "తెలిసీ అడుగుతారేంటి."

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అన్నీ నెత్తిన వేసుకుని, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అన్నాడు. "ఆ మంచానికి తలవైపు పట్టింది నేనే టీచరమ్మా. మోసినంతసేపూ దాని మొహం నాకు కనబడుతూనే ఉంది. నాకు మాత్రం బాగుండి అంటున్నానా? వాళ్ల చిన్నది రేపు వాగు దాటాలంటే ఎలా?"

సోమవారం పొద్దున్నే తీసుకురమ్మన్నాను.

యూనిఫాం అడగడానికి వంటక్క ఇంటికి నేనే వెళ్లాలి. ఆ సాయంత్రం బయల్దేరి దారిలో మూడుసార్లు ఆగాను. ఆమెది ఒకే గది. పొయ్యి ఓ మూల, చుట్టచుట్టిన చాప ఇంకో మూల, తలుపు వెనక గోడకు రెండు మేకులు. ఒక మేకుకు చిన్నదాని గౌను ఉంది. రెండో మేకు ఖాళీగా ఉంది. వెళ్లి గడప మీద కూర్చుని కట్టెల సంగతి మాట్లాడాను. వంటగది పొగ గురించి మాట్లాడాను. పప్పులో రాళ్ల గురించి కూడా మాట్లాడాను. ఇంత వాగుడుకాయనని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆమె అన్నీ విని, చేతిలో పని ఆపకుండానే అంది. "గౌను కోసమేగా వచ్చారు టీచరమ్మా?"

అవునని తలూపాను.

"పొద్దున్నే ఉతికేశా. అదిగో, దండెం మీద. మేస్త్రీ పెళ్లాం నోట్లో మాట ఆగుతుందా, మీకంటే ముందే నడిచొచ్చేసింది." అప్పుడు నా వైపు తిరిగింది. "ఆ పిల్ల పొడుగెంత?"

"మన పిల్ల కన్నా నాలుగు వేళ్లు ఎక్కువట."

ఆమె లేచి దండెం మీది నీలం గౌను తీసింది. అంచు తిరగేసి నాకు చూపించింది. లోపల ఇంత వెడల్పున మడత ఉంది. "పెరిగే పిల్ల, రెండేళ్లయినా రావాలని మడత పెట్టి కుట్టించా" అంది. గూట్లోంచి సూది తీసుకుని నా ఎదురుగానే కూర్చుని ఆ కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. తొందరపడలేదు, బట్ట ఎక్కడా చిరగలేదు. మడత తెరుచుకున్న చోట గుడ్డ కొత్తదానిలా ముదురు నీలంగా ఉంది. మిగతా గౌనంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది. ఆమె ఆ ముదురు పట్టీని బొటనవేలితో రెండు మూడుసార్లు రుద్దింది.

"నీకు ఇష్టం లేకపోతే వద్దు వంటక్కా. ఇంకేదైనా దారి చూద్దాం."

"ఇంకేం దారుంది? చిన్నదాన్ని ఆ వాగు దాటించి పంపేది లేదు టీచరమ్మా. నా కంఠంలో ప్రాణం ఉండగా పంపను. పంపకపోతే అదేం చేస్తుంది, మేకల వెంట పోతుంది. అక్క అంత నేర్పించి..." అక్కడ ఆగింది. "ఒక్క మాట. ఆ పిల్లకి జడలు మాత్రం నేనే వేస్తా."

బడి పోతే తన పని కూడా పోతుందన్న మాట ఆమె ఎత్తనే లేదు. 

సోమవారం పొద్దున మేస్త్రీ మేనకోడలు వచ్చింది. గుట్ట ఎక్కి దిగి వచ్చిందేమో కాళ్ల నిండా దుమ్ము. కళ్లు పెద్దవి చేసుకుని మా గది గోడలన్నీ చూసింది. వాళ్ల ఊరి బడి రెండేళ్ల కిందటే మూతపడింది. అక్కడ పదకొండు మందే ఉండేవారు. అప్పటినుంచీ ఈ పిల్ల మేకలు కాస్తోంది. వంటక్క దాన్ని వంటగదిలోకి తీసుకెళ్లి కాళ్లు కడిగింది, మొహం తుడిచింది, గౌను తొడిగింది. తర్వాత తన మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జుట్టు రెండు పాయలుగా తీసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. దువ్వెన పైనుంచి కిందికి దిగేటప్పుడు ఆమె చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ చిక్కు తీస్తుందో అంతా పాత అలవాటే. జడలు మడిచి రిబ్బన్లు కట్టాక ఆ పిల్ల తల ఒకసారి రెండు చేతుల మధ్య పట్టుకుంది. వెంటనే వదిలేసి, "లే, లే, పొయ్యి ఆరిపోతోంది" అని కసురుకుంది.

పిల్లలందరికీ ముందే చెప్పాను. తొమ్మిది అనగానే ఈ అక్క లేస్తుంది, ఎవరూ కిక్కురుమనకూడదు అని. చిన్నదాన్ని విడిగా పిలిచి మళ్లీ చెప్పాను. అది తలూపింది. "అక్క చోట్లోనే కూర్చుంటుందా?" అని అడిగింది. అవునన్నాను. "అక్క పలక ఇవ్వను మరి" అంది. సరే ఇవ్వొద్దులే అన్నాను.

తనిఖీ సారు పదకొండు గంటలకు వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. బూట్లు చేతిలో పట్టుకుని వచ్చారు. నేను ఊహించుకున్నట్టు గద్దించే మనిషి కాదు. అలసిపోయిన మనిషి. ఈ వారంలో ఇది తొమ్మిదో బడి అని చెప్పి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. మూడు కాళ్లే గట్టివని హెచ్చరించేలోపు కుర్చీ ఒరిగింది. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

హాజరు నేను పిలిచాను. ఆయన వేలితో లెక్కపెట్టారు. ఏడు, ఎనిమిది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ నంబరు పిలవాలి. దగ్గు నటించి, "తొమ్మిది" అన్నాను.

"వచ్చానండీ" అంది ఆ పిల్ల.

గొంతు వేరు. అంతే, మిగతాదంతా సరిగ్గానే ఉంది. పిల్లలందరూ నేల చూపులు చూశారు. చిన్నది మాత్రం తల తిప్పి ఆ చోటు వంక చూసింది. పదమూడు పిలిచినప్పుడు రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు.

పదిహేను అయింది. సారు కలం తీశారు. ఇక గండం గడిచిందనుకున్నాను. అప్పుడే ఆయన చూపు నల్లబల్ల పక్కన గోడ మీద పడింది. అక్కడ నేనే అంటించిన అట్ట ఒకటుంది. ప్రతి పరీక్షకూ మొదట వచ్చినవాళ్ల నంబర్లు దాని మీద ఎర్ర సుద్దతో రాస్తాను. మూడు పరీక్షలు, మూడింట్లోనూ తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. పుస్తకాలన్నీ సర్దాను, గౌను సంపాదించాను, పిల్లల నోళ్లు కట్టేశాను. రోజూ కళ్లెదురుగా ఉండే ఆ అట్ట మాత్రం నాకు కనబడలేదు. నిజం చెప్పాలంటే అది తీసేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

"అన్నింట్లో తొమ్మిదో నంబరేనా? భలే! ఏదీ, ఒక్క ముక్క చదువమ్మా." నాలుగో తరగతి వాచకం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

ఆ పిల్ల లేచి నిలబడింది. పుస్తకం సరిగ్గానే పట్టుకుంది. పెదాలు కదిపింది. కళ్లు అక్షరాల మీద ఎక్కడా ఆగకుండా పేజీ అంతా తిరిగాయి.

"భయం లేదు, చదువు" అన్నారు సారు.

"వ..." అంది. "వ..." ఇంకో అక్షరం కోసం వెతికింది. నుదుటి మీద చెమట పట్టింది. రిబ్బను కట్టిన జడ చివర నోట్లో పెట్టుకుంది.

సారు మొహంలో నవ్వు పోయింది. నా వంక చూశారు, అట్ట వంక చూశారు, మళ్లీ ఆ పిల్ల గౌను అంచు వంక చూశారు. ఆ ముదురు నీలం పట్టీ వంక. "ఏంటమ్మా ఇది?" అని నన్నే అడిగారు. పదకొండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోట్లో అవసరానికి ఒక్క మాట పుట్టలేదు. కాళ్ల మీద పడదామా అనుకున్నాను. అదీ చేతకాలేదు.

"జ్వరం వచ్చింది సార్."

వంటక్క. చేతిలో గరిటె, భుజం మీద మసిగుడ్డ, వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"మీరెవరమ్మా?"

"దాని తల్లిని." రెండడుగులు లోపలికి వచ్చింది. "ముందు బాగా చదివేది సార్. మీరు చూసిన నంబర్లు అబద్ధం కాదు. ఏ కాగితం ఇచ్చినా చదివేది. వానాకాలంలో జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోయింది. అయిదు రోజులు కన్ను తెరవలేదు. తర్వాత తగ్గింది. తగ్గాక చూస్తే చదువంతా మర్చిపోయింది."

"అరెరె! డాక్టరుకి చూపించారా?"

"చూపించాం సార్. మంచం మీద మోసుకెళ్లాం. ఆ రోజు వాగులో నీళ్లు లేవు. పాదాలు తడిశాయి, అంతే. సులువుగా దాటాం." ఆమె గొంతులో తడబాటు లేదు. రోజూ చెప్పే మాటలా చెబుతోంది. "డాక్టరు మంచాయన. చూడగానే సూది వేశాడు. ఎందుకు ఆలస్యం చేశావమ్మా అని నన్ను తిట్టాడు. తిట్టినా మంచిదే. రాత్రంతా పక్కనే కూర్చున్నా. తెల్లారేసరికి చెమటలు పట్టాయి. అమ్మా ఆకలేస్తోందని అడిగింది సార్. మూడో రోజుకి లేచి నడిచింది. నడిపించుకునే ఇంటికి తెచ్చుకున్నా."

గదిలో పద్నాలుగు మంది పిల్లలు. పద్నాలుగు మందికీ నిజం తెలుసు. ఒక్కరూ మాట్లాడలేదు. ఒకటో తరగతి పిల్లలైతే నోళ్లు తెరుచుకుని కథ విన్నట్టు విన్నారు. చిన్నది తల్లి మొహం మీంచి చూపు తిప్పలేదు. నేను అట్ట వైపు తిరిగి నిలబడ్డాను. నా మొహం సారుకు కనబడకూడదని. నా కళ్లు నా మాట వినలేదు.

"ప్రాణం దక్కింది, చదువుదేముంది" అన్నారు సారు. నిజంగానే జాలిపడ్డారు.

"అదే సార్. ప్రాణం దక్కింది. నేర్చుకుంటుంది మళ్లీ. చెల్లెలుంది, దాని దగ్గరే నేర్చుకుంటుంది." ఇక ఆమెకు మాటలు అయిపోయాయి. గరిటె వంక చూసి, "అడుగంటుతోంది" అని గబగబా వెళ్లిపోయింది.

సారుకు తెలిసిందో తెలియలేదో నేను ఇప్పటికీ చెప్పలేను. తనిఖీ పుస్తకం తెరిచి, గుండ్రంగా పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాశారు. సంతకం పెట్టారు. బూట్లు చేత్తో పట్టుకుని వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "వాగు మీద వంతెన సంగతి ఎవరూ రాయలేదా?" అని అడిగారు. ఆరుసార్లు రాశానన్నాను. తలూపి వెళ్లిపోయారు.

బడి నిలిచింది. పిల్లలకు అన్నం పెట్టి ఆటకు వదిలేశాం. మేస్త్రీ మేనకోడలు గౌను విప్పేసి తన పాత బట్టలు వేసుకుంది. రిబ్బన్లు తీయబోతుంటే వంటక్క "ఉంచుకో" అంది. బయల్దేరే ముందు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి వాచకంలో ఒక అక్షరం మీద వేలు పెట్టింది. "ఇది వ కదండీ?" అవునన్నాను. "నాకు గుర్తుంది" అంది. రేపు రావాలా అని అడిగింది. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. రెండు గంటల నడక, ఇంట్లో ముప్పై మేకలు. ఆ పిల్ల గుట్ట వైపు మేనమామ వెనకాల వెళ్లిపోయింది. మా బడి నిలబెట్టడానికి బడి లేని పిల్లను తెచ్చి, పని కాగానే మేకల దగ్గరికి తిరిగి పంపేశాం. మమ్మల్ని మేం మెచ్చుకోవడానికి అందులో ఏమీ కనబడలేదు నాకు.

గిన్నెలు తోమడం అయ్యాక వంటక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మడతపెట్టిన గౌను ఆమె చంకలో ఉంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. తనిఖీ పుస్తకం తెరిచే ఉంది.

"ఏం రాశారు టీచరమ్మా సారు?"

"బడి నడిపించుకోవచ్చని రాశారు."

"అది సరే. పెద్దదాని గురించి ఏం రాశారు?"

ఆమెకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే అబద్ధమాడాను. "మంచి పిల్ల అని రాశారు. బాగా పైకొస్తుందని."

చిన్నది ఎప్పుడు వచ్చి బల్ల పక్కన నిలబడిందో నేను చూడలేదు. మునివేళ్ల మీద లేచి, పుస్తకం మీద వేలు పెట్టి, అక్క నేర్పించినట్టే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"తొ... మ్మి... దో... తొమ్మిదో. నం... బ... రు. తొమ్మిదో నంబరు. అ... మ్మా... యి... కి." ఊపిరి తీసుకుంది. "చ... ద... వ... డం. రా... దు."

పుస్తకం మూసేయాలని చెయ్యి చాపాను. అప్పటికే ఆలస్యమైంది. దాని మొహం ఎర్రబడింది.

"అక్కకి చదవడం రాదని రాశాడమ్మా! అబద్ధం! అక్కకి అన్నీ వచ్చు!" నా వైపు తిరిగింది. "రబ్బరు ఇవ్వండి టీచర్. నేను చెరిపేస్తా."

"కలంతో రాసింది చెరగదమ్మా" అన్నాను.

"అయితే కొట్టేయండి!"

కొట్టేయడానికి లేదు. ఆ వాక్యం కిందే బడి కొనసాగించవచ్చన్న వాక్యం ఉంది, దాని కింద సంతకం ఉంది. ఆ పిల్ల చదువు బతకాలంటే దాని అక్కకు చదువు రాదన్న ముక్క ఆ పుస్తకంలో ఉండి తీరాలి. ఇది ఏడేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. అది ఏడుస్తోంది. కోపంతో ఏడుస్తోంది. అక్క పోయిన రోజు కూడా అది అంత గట్టిగా ఏడవలేదు.

వంటక్క వంగి, కొంగుతో దాని ముక్కు తుడిచింది. గౌను చంకలోంచి జారబోతే సర్దుకుంది. తర్వాత ఆ పుస్తకం వంక, తనకు తెలియని ఆ గుండ్రటి అక్షరాల వంక చాలాసేపు చూసింది.

"ఉండనీవే" అంది. "రాదనే కదా రాశారు. అక్క లేదని రాయలేదుగా."

చిన్నది ఏడుపు ఆపి తల్లి వంక చూసింది.

"ఏదీ, ఇంకోసారి చదువు. తొమ్మిదో నంబరు అన్న దగ్గర్నుంచి."

అది మునివేళ్ల మీద మళ్లీ లేచి, వేలు పెట్టి, మొదటి నుంచి చదివింది.